కప్పు మీది చెరువు

మునుగోడు ప్రాంతంలోని ఒక పల్లెలో ఇల్లు కడుతున్నారు. పునాదులు పూర్తయి, గోడలు దర్వాజాల ఎత్తు దాటాయి. ముంగిట వేపచెట్టు నీడలో, నులకమంచం మీద ఒక వృద్ధురాలు కూర్చుని ఆ పనిని చూస్తూ ఉంది. ఆమె నడుము వంగిపోయింది. వెన్నెముక కర్రలా బిగుసుకుపోయింది. మెడ పక్కకు తిరగదు. ఎవరైనా పిలిస్తే ఒళ్లంతా తిప్పి చూడవలసిందే. ఆమె చేసిన తప్పేమీ లేదు. పుట్టినింట, మెట్టినింట బావినీళ్లు తాగింది, అంతే.

ఇంటింటికీ నల్లా నీరు ఇంకా రాని రోజులవి. ఆ ఊరి నేల కింద నీరు లేక కాదు, ఉన్న నీటిలో ఫ్లోరైడు మోతాదు మించి ఉండడమే ఆ ఊరి దుఃఖానికి మూలం. తాగేనీటిలో లీటరుకు ఒక మిల్లీగ్రాము వరకు ఫ్లోరైడు ఉంటే ప్రమాదం లేదనీ, మరో ఆధారం లేని చోట ఒకటిన్నర మిల్లీగ్రాముల వరకు అనుమతించవచ్చుననీ మన దేశ ప్రమాణాలు చెబుతున్నాయి. అంతకు మించిన నీటిని ఏళ్ల తరబడి తాగితే పిల్లల పళ్లపై గోధుమరంగు మచ్చలు పడతాయి, పెద్దల కీళ్లు పట్టేస్తాయి, ఎముకలు వంకరపోతాయి. ఒకసారి వంగిన ఎముకను మళ్లీ నిటారుగా నిలిపే మందు లేదు.

నల్లగొండ నేల నిండా గ్రానైటు, నైస్ శిలలు. ఆ రాళ్లలోని కొన్ని ఖనిజాలలో ఫ్లోరిను దాగి ఉంటుంది. నీరు రాతి పగుళ్లలో ఎంతకాలం నిలిస్తే అంతగా ఆ ఖనిజాలు కరిగి నీటిలో కలుస్తాయి. వాన తక్కువగా కురిసి, ఎండ ఎక్కువగా కాసే మెట్టనేలలో ఈ గాఢత మరింత పెరుగుతుంది. ఈ నీటిని శుద్ధిచేయడానికి నాగపూర్‌లోని జాతీయ పర్యావరణ ఇంజనీరింగు పరిశోధన సంస్థ 1970లలో ఒక విధానాన్ని రూపొందించింది. పటిక, సున్నం కలిపి ఫ్లోరైడును తేర్చే ఆ విధానానికి 'నల్లగొండ పద్ధతి' అని పేరు వచ్చింది. ఆఫ్రికా దేశాలలో సైతం దానిని ప్రయోగించి చూశారు. ఒక జిల్లా పేరు దాని వ్యాధి ద్వారా ప్రపంచానికి తెలియడం కంటె విషాదం మరొకటి ఉండదు.

అయితే ఆ ఊరికి ఫ్లోరైడు లేని నీరు ఒకటి ఎప్పుడూ అందుతూనే ఉంది. అది ఆకాశం నుండి పడే నీరు. వాననీరు రాతిని తాకలేదు కనుక రాతిలోని విషం దానికి అంటదు. ఏటా ఆ నీరు ఊరి కప్పులన్నిటి మీద పడి, చూరుల గుండా జారి, వీధి బురదలో కలిసి పోతూ ఉండేది. నేల కింది విషాన్ని తోడుకొని తాగుతూ, నింగి నుండి వచ్చే అమృతాన్ని మోరీ పాలు చేయడమే అక్కడి వింత.

ఆ ఇంటిని కడుతున్న మేస్త్రి పాలమూరు వాడు. పాలమూరు లేబరు అన్న మాట దేశమంతటా వినబడేదే. పెద్ద ఆనకట్టలు, కాలువలు, రహదారులు, నగరాలలోని ఎత్తయిన మేడలు ఆ జిల్లా కూలీల చెమటతో లేచాయి. పక్కనుండి కృష్ణానది పారుతున్నా, లోతైన లోయలో పారే ఆ నది ఎత్తున ఉన్న చేలకు అందదు. ఏడాదికి సగటున 600 మిల్లీమీటర్ల వాన కురిసే నేల అది. నల్లగొండలో వర్షపాతం దానికంటె కొంత ఎక్కువే అయినా కరువుకు ఆ జిల్లా కూడా కొత్త కాదు. వానలో నాలుగింట మూడు వంతులు నైరుతి రుతుపవనాల నాలుగు నెలలలోనే పడుతుంది. తక్కిన ఎనిమిది నెలలు ఆ నాలుగు నెలల పొదుపు మీద బతకాలి. పొదుపు చేయనినాడు వలస పోవాలి.

గోడలు లేచిన తరువాత ఇంటి యజమాని మేస్త్రిని పిలిచి, ముందరి వరండాకు గుండ్రటి స్తంభాలు నిలిపి, వాటికి రంగురాళ్లు తాపడం చేయాలన్నాడు. చేతిలో మిగిలిన సొమ్ము దానికే సరిపోతుంది. మేస్త్రి కాసేపు మాట్లాడలేదు. తరువాత మంచం మీది వృద్ధురాలిని చూపి మెల్లగా అన్నాడు:

"అన్నా, ఆ పైసలతోని ముందుగాల ఒక సంపు కట్టుకుందాం. స్తంభాలు మల్లొక్క ఏడాదికైనా నిలబెట్టొచ్చు. మేము దేశమంత తిరిగి కట్టలు కట్టినోళ్లం. మా ఊర్లె మాత్రం ఆడోళ్లు ఇప్పటికీ బిందెలు పట్టుకొని లైన్ల నిలబడుతరు. నీళ్లు ఆపే పని తెలిసి కూడ మా ఇండ్ల మీది నీళ్లను మేమే ఆపుకోలేకపోయినం."

యజమాని నవ్వి, "వాననీళ్లు ఎవలు తాగుతరు? ఎన్నొస్తయి?" అన్నాడు. ఆ ప్రశ్నకు జవాబు చెప్పినవాడు ఇంటర్మీడియెటు చదువుతున్న అతని కొడుకు. ఒక ఇటుక మీద సుద్దముక్కతో లెక్క వేశాడు.

ఆ ఇంటి కప్పు సుమారు 1,100 చదరపు అడుగులు, అంటే నూరు చదరపు మీటర్లు. ఒక చదరపు మీటరు మీద ఒక మిల్లీమీటరు వాన పడితే ఒక లీటరు నీరు. నూరు చదరపు మీటర్ల మీద పడితే నూరు లీటర్లు. కరువును దృష్టిలో ఉంచుకొని ఏడాదికి 600 మిల్లీమీటర్లే కురుస్తుందని అనుకున్నా 60,000 లీటర్లు. అందులో ఆవిరైనది, చిందినది, కడిగివేతకు పోయినది తీసివేసి నూటికి ఎనబై వంతులు చేతికి వస్తాయనుకుంటే 48,000 లీటర్లు. ఇక అవసరం సంగతి. తాగడానికి, వండడానికి మనిషికి రోజుకు ఐదు లీటర్లు చాలు. ఇంటిలో ఐదుగురికి ఇరవై ఐదు లీటర్లు. వానలు లేని ఎనిమిది నెలలకు, అంటే 240 రోజులకు, కావలసింది 6,000 లీటర్లు. రెండు మీటర్ల పొడవు, రెండు మీటర్ల వెడల్పు, రెండు మీటర్ల లోతు గల సంపులో 8,000 లీటర్లు పడతాయి.

తండ్రి ఆ ఇటుకను చేతిలోకి తీసుకొని రెండుమార్లు చదివాడు. వృద్ధురాలు మంచం మీదినుండే, "నా బొక్కలు ఇగ చక్కగ కావు కొడుకా. పిలగాండ్ల బొక్కలన్న చక్కగుండనీ" అంది. స్తంభాల మాట అక్కడితో ఆగిపోయింది. మరునాడు సంపుకు గొయ్యి తీశారు.

ఇందులో కొత్తదేమీ లేదు. కప్పు మీద పడిన వానను, రాతి మీద పడిన వానను దాచుకోవడం ఈ నేల మరచిపోయిన పాత విద్య. భువనగిరి కోట ఇందుకు నిదర్శనం. పశ్చిమ చాళుక్య రాజు త్రిభువనమల్ల విక్రమాదిత్యుని పేర నిలిచిన ఆ కోట ఒకే మహాశిల మీద ఉంది. కింద నేల లేదు, పక్కన నది లేదు. అయినా అక్కడ సైన్యం నిలిచింది. బోడిబండ మీద పడిన వాన ఏ వాలున జారుతుందో గమనించి, ఆ దారిలో రాతిని తొలిచి నీటికుంటలు ఏర్పరచడమే దాని రహస్యం. కోటకు శత్రువు కంటె దాహమే మొదటి శత్రువని ఆ శిల్పులకు తెలుసు. అందువల్ల వారు కొండనే కప్పుగా, రాతిగుంటనే సంపుగా మలచుకున్నారు.

కొండ మీద కోట చేసిన పనిని కింద ఊరు చెరువుతో చేసింది. నల్లగొండ పక్కనే ఉన్న పానగల్లులో కందూరు చోడుల నాటి ఉదయసముద్రం నేటికీ నీటితో కళకళలాడుతున్నది. పాలమూరులో ఖిల్లా ఘనపురం కోట కింద గణపసముద్రం ఉంది. వనపర్తి సంస్థానంలోని చెరువులను సప్తసముద్రాలని ప్రజలు గర్వంగా చెప్పుకునేవారు. సముద్రం ఎంతో దూరాన ఉన్న నేల తన చెరువులకు సముద్రమని పేరు పెట్టుకోవడంలో దాని ఆశ ఎంతటిదో తెలుస్తుంది. చెరువు తవ్వించడాన్ని సప్తసంతానాలలో ఒకటిగా ఎంచిన సంస్కృతి ఇది. కన్న కొడుకు పోయినా తవ్వించిన చెరువు పేరు నిలుపుతుందని నాటివారి విశ్వాసం.

పాత ఇండ్లు కూడా వానను అతిథిగా ఎంచి కట్టినవే. నడుమ ఆకాశానికి తెరచి ఉండే భవంతి ఇండ్లలో నాలుగు వైపుల పెంకుల కప్పులు లోపలికి వాలి ఉండేవి. వాన పడితే నాలుగు ధారలూ నట్టింటి వాకిలిలోకి దిగేవి. చూరు కింద గోలేలు, కాగులు వరుసగా పెట్టి నీరు పట్టేవారు. మట్టిమిద్దెలకు కూడా వాటం చూసి ఒక మూలకు తూము పెట్టేవారు. వాకిలిలో రాళ్ల సందుల మట్టి ఉండేది, పెరటిలో చెట్ల పాదులుండేవి, చేదబావి ఉండేది. కప్పు నుండి జారిన నీటికి ఇంటి హద్దు దాటకముందే ఇన్ని మజిలీలు ఉండేవి.

స్లాబు ఇండ్లు వచ్చిన తరువాత ఈ వరుస తప్పింది. స్లాబు వాన దిగడానికి చూరు లేకుండా చేసింది. సిమెంటు వాకిలి వాన ఇంకడానికి నేల లేకుండా చేసింది. నీటిని ఎంత తొందరగా బయటికి గెంటితే అంత మంచి ఇల్లనే భావన బలపడింది. కట్టే ఇంటిలో ప్రతి గదికీ నల్లా ఎక్కడ రావాలో ఆలోచిస్తారు గాని, కప్పు మీది నీరు ఎక్కడికి పోవాలో ఆలోచించరు. వానాకాలంలో వీధి మునుగుతుంది. వేసవిలో అదే వీధికి ట్యాంకరు వస్తుంది. ఈ రెండూ ఒకే తప్పుకు రెండు ముఖాలు. 2020 అక్టోబరులో హైదరాబాదులో కుండపోత వానకు కాలనీలు మునిగాయి. నేలలోకి దిగే దారి మూసుకుపోయిన చోట వాన వరదగా మారక తప్పదు. ఆ నగరం వదిలిన నీరు మూసీ నదిలో కలిసి, మురికిని మోసుకుంటూ నల్లగొండ మీదుగానే కృష్ణకు చేరుతున్నది. ఎగువ ఇంటి కప్పుకూ దిగువ రైతు చేనుకూ ఉన్న సంబంధం అంతటిది.

మేస్త్రి పని మొదలుపెట్టిన తీరు గమనించదగినది. మొదట స్లాబుకు వాటం సరిచూశాడు. రసమట్టం పెట్టి, నీరంతా ఒక మూలకే చేరేటట్టు పైపూత వేయించాడు. ఆ మూల నుండి పైపు దించాడు. పైపు సంపును చేరకముందు ఒక చీలిక పెట్టాడు. తొలివానకు కప్పు మీది దుమ్ము, ఆకులు, పక్షుల రెట్టలు కొట్టుకువస్తాయి. నూరు చదరపు మీటర్ల కప్పుకు మొదటి నూరు, రెండు నూర్ల లీటర్ల నీరు ఆ చీలిక గుండా బయటి చెట్టుపాదులోకి పోవాలి. కప్పు కడిగిన తరువాత వచ్చే నీరే లోపలికి రావాలి. ఆ నీటికి దారిలో కంకర, ఇసుక, బొగ్గుల పొరలతో ఒక వడపోత తొట్టి కట్టాడు. సంపు లోపల నున్నగా సిమెంటు పూత పూసి, పైన మూత వేసి, గాలి గొట్టానికి దోమలు దూరని సన్నని జాలీ బిగించాడు. వెలుతురు తగిలితే పాచి పడుతుంది, దోమ దూరితే జ్వరం వస్తుంది. ఈ రెండింటినీ అడ్డుకుంటే వాననీరు నెలల తరబడి నిలువ ఉంటుంది. అయినా తాగేముందు కాచుకోవడమే క్షేమం.

సంపు నిండిన తరువాత పొంగిపొర్లే నీటికి పెరటిలో ఇంకుడుగుంత తీశారు. అడుగున పెద్దరాళ్లు, వాటిపై కంకర, అన్నిటికీ పైన ఇసుక పరిచారు. ఈ మెట్టనేలలో పైన కొన్ని మీటర్ల వరకు శిథిలమైన రాతిపొర ఉంటుంది. నీరు నిలిచేది ఆ పొరలోను, దాని కింది పగుళ్లలోను మాత్రమే. అది చిన్న కుండ వంటిది; తొందరగా నిండుతుంది, తొందరగా అడుగంటుతుంది. నింపకుండా తోడుతూ పోతే బోరు మరింత లోతుకు దిగుతుంది. తరచుగా ఫ్లోరైడు మరింత పెరుగుతుంది. వాననీరు ఇంకినకొద్దీ ఆ గాఢత పలుచబడే అవకాశం ఉంది. గుంతను పునాదికి కనీసం మూడు మీటర్ల దూరంలో తీయాలని, మరుగుదొడ్డి గుంత దగ్గరలో తీయరాదని, మురికినీరు దానిలో కలవనీయరాదని మేస్త్రి మరీ మరీ హెచ్చరించాడు. నీటిని ఇంకించడం ఎంత పుణ్యమో, మురికిని ఇంకించడం అంత ద్రోహం.

ప్రపంచంలో నదులు లేని చోట్ల ప్రజలు ఈ విద్యతోనే బతికారు. అట్లాంటిక్ సముద్రంలోని బెర్ముడా దీవులలో ఇండ్ల కప్పులు తెల్లని మెట్ల వలె ఉంటాయి. వాటికి సున్నం పూస్తారు. వాన ఆ మెట్ల మీదుగా నెమ్మదిగా దిగి ఇంటి కింది తొట్టిని చేరుతుంది. అక్కడ అటువంటి తొట్టి లేకుండా ఇల్లు కట్టడానికి చట్టం ఒప్పుకోదు. టోక్యోలో 1985లో ప్రారంభమైన సుమో కుస్తీల భవనం తన విశాలమైన కప్పు మీది వాననీటిని మరుగుదొడ్లకు వాడుకుంటుంది. తమిళనాడు 2003లో ప్రతి భవనానికీ వాననీటి సేకరణను తప్పనిసరి చేసింది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2000 సంవత్సరంలో 'నీరు–మీరు' కార్యక్రమం మొదలైంది. 2002లో జలం, భూమి, చెట్ల రక్షణకు వాల్టా చట్టం వచ్చింది. 2004లో హైదరాబాదులో నాటి రాష్ట్రపతి అబ్దుల్ కలాం ప్రారంభించిన గ్రీన్ బిజినెస్ సెంటరు కప్పు మీద పచ్చికను పెంచింది. వాడిన నీటిని మొక్కల వేళ్లతో శుద్ధిచేసి మళ్లీ వాడుకుంది. అమెరికా వెలుపల పర్యావరణహిత నిర్మాణంలో ప్లాటినం స్థాయి గుర్తింపు పొందిన తొలి భవనం అదే. గుండ్రటి ఆవరణ చుట్టూ దానిని నిర్మించిన తీరులో మన పాత భవంతి ఇంటి పోలిక కనిపిస్తుంది.

చట్టాలు చేసినంత మాత్రాన వాన ఆగదు. అనుమతి కోసం నకాసాలో గీసిన ఇంకుడుగుంత, ఇల్లు పూర్తయ్యేనాటికి సిమెంటు కింద మాయమైన ఉదంతాలు అనేకం. పూడిక తీయని గుంత, జాలీ ఊడిన సంపు ఉన్నా లేనట్టే. వాననీటిని దాచడం ఒకనాటి కట్టడం కాదు. ఏటా మృగశిర కార్తెకు ముందు కప్పు ఊడ్చి, వడపోత కడిగి, పైపులు చూసుకునే అలవాటు. రైతు తొలకరికి నాగలి సవరించుకున్నట్టు, గృహస్థు తన కప్పును సవరించుకోవాలి.

కాలం మారింది. 2015 జూన్‌లో చౌటుప్పల్‌లో పైలాను ఆవిష్కరణ జరిగిన మంచినీటి పథకం మిషన్ భగీరథగా 2016 ఆగస్టులో ప్రారంభమైంది. నదులనీళ్లు గొట్టాల ద్వారా పల్లెలను చేరాయి. తెలంగాణలో ఫ్లోరైడు పీడిత ఆవాసాలు లేవని 2020లో కేంద్ర ప్రభుత్వం పేర్కొన్నది. తరాల శాపం తీరడం సామాన్య విషయం కాదు. మిషన్ కాకతీయ పేర 2015 నుండి చెరువుల పూడిక తీశారు. ఇక కప్పు మీది నీటితో పని ఏమిటని ఎవరికైనా అనిపించవచ్చు.

కాని దూరాన ఉన్న నది నుండి నీరు రావాలంటే మోటార్లు తిరగాలి, కరెంటు ఉండాలి, గొట్టం పగలకూడదు, పైన జలాశయం నిండాలి. కప్పు మీద పడే నీటికి ఇవేవీ అక్కరలేదు. నల్లా ఆగిననాడు మళ్లీ పాత బోరు దగ్గరకు పోవలసిన అగత్యం ఇంటికి రాకూడదు. పశువులకు, పెరటికి, ఇంటిపనికి తోడే నీరు నేలలోనిదే కనుక ఆ నేలకు తిరిగి ఇవ్వవలసిన బాకీ కూడా మిగిలే ఉంది. నది నీరు ప్రభుత్వం ఇచ్చే వరం. కప్పు మీది నీరు ఎవరి ఇంటిది వారి బాధ్యత. ఒకటి వచ్చిందని రెండవదాన్ని వదులుకోవడం వివేకం కాదు.

ఆ ఇంటికి స్లాబు పడిన ఏడు మృగశిర కార్తె దాటిన తరువాత గట్టి వాన కురిసింది. మొదటి నీటిని వేపచెట్టు పాదులోకి వదిలారు. తరువాత పిల్లవాడు చీలికను మూసి, పైపును సంపువైపు తిప్పాడు. లోపల నీరు పడుతున్న చప్పుడు ఇల్లంతా వినిపించింది. మూడవ వాన తరువాత కోడలు ఆ నీటిని కాచి చల్లార్చి, అత్త చేతికి చెంబు ఇచ్చింది. వృద్ధురాలు మెడ ఎత్తలేదు కనుక ఒళ్లంతా వెనక్కి వాల్చి గుక్కెడు తాగింది. కాసేపు ఆగి, "ఉప్ప లేదు, సప్ప లేదు, ఇదేం నీళ్లే" అని నవ్వి, చెంబు పక్కనున్న మనుమరాలికి అందించింది.

వరండాకు స్తంభాలు ఆ ఏడు రాలేదు. మేస్త్రి మాత్రం పని ముగించి ఊరికి బయలుదేరేటప్పుడు, పిల్లవాడు లెక్క వేసిన ఇటుకను అడిగి తీసుకున్నాడు. పాలమూరులోని తన ఇంటి కప్పు ఎన్ని చదరపు మీటర్లో దారి పొడుగునా లెక్క వేసుకుంటూ పోయాడు.